రెప్పచాటు నూనె

మనిషి ఇంకా రాలేదు. ముందు సీసాల పని ఉంది.

డాలస్‌లో ఒక పరిశోధనశాల. పొద్దున ఎనిమిది కూడా కాలేదు, జులై ఎండ అప్పుడే పార్కింగ్ లాట్‌లో కార్లను కాల్చేస్తోంది. లోపల ఏసీ చలికి స్వెటర్ మీద తెల్లకోటు తొడుక్కుని ఒకామె ఫ్యూమ్ హుడ్ అద్దాన్ని సగం దాకా దించింది. చిటికెనవేలంత గాజు సీసాల్ని వరసగా పేర్చుకుంది. ఆమెది రాజమండ్రి. కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసి, పోస్ట్‌డాక్‌గా ఇక్కడికొచ్చి, కంటిరెప్పల కొవ్వు దగ్గర స్థిరపడింది.

సీసాల్ని సబ్బుతో కడగదు. సబ్బు అంటేనే కొవ్వు ఆమ్లాల లవణం, వెతకబోయేదేమో కొవ్వు. రెండుపాళ్ల క్లోరోఫాంకు ఒకపాలు మెథనాల్ కలిపి, గాజు సిరంజితో సీసాలోకి పోసి, గిర్రున తిప్పి, పారబోస్తుంది. మళ్లీ పోసి మళ్లీ పారబోస్తుంది. కాస్త దగ్గరికొచ్చి నిలబడండి. తియ్యగా, తగిలీ తగలనట్టు ముక్కుకు సోకే వాసన క్లోరోఫాంది. మిగతాదంతా హుడ్ ఫ్యాను పైకి లాగేస్తోంది. చేతులకు నీలిరంగు నైట్రైల్ గ్లవ్స్. క్లోరోఫాం వీటిని నిమిషాల్లోనే దాటేస్తుంది, దాటేటప్పుడు గ్లవ్‌లో ఉన్న రసాయనాల్ని కూడా కరిగించి వెంట తెస్తుంది. అందుకే ఒక్క చుక్క మీద పడినా పాతవి తీసి కొత్తవి.

చివరిసారి కడిగిన ద్రావణాన్ని మాత్రం ఆమె పారబోయలేదు. ఒక సీసాలోకి వంపి, లోపల టెఫ్లాన్ బిళ్ల ఉన్న మూత బిగించి, లేబుల్ మీద పెన్సిల్‌తో 'ఖాళీ' అని రాసి పక్కన పెట్టింది. మార్కర్ సిరా క్లోరోఫాంలో కరిగిపోతుంది కాబట్టి ఇక్కడ అందరిదీ పెన్సిలే. సాయంత్రం మెషీన్‌లోకి అన్నిటికన్నా ముందు వెళ్లేది ఏమీ లేని ఈ సీసా.

ఇంత మడి దేనికంటే, ఇవాళ దొరకబోయే సరుకు మొత్తం కలిపినా మిల్లీగ్రాముకు లోపే. ఈ బల్ల మీద ప్లాస్టిక్ పిపెట్ గానీ ప్లాస్టిక్ గొట్టం గానీ ఒక్కటీ కనబడదు, చూశారా? ఆ కథ సాయంత్రానికి వస్తుంది.

సీసాలు ఆరేలోపు చిన్న పని. మీ కిందిరెప్పను వేలితో కొంచెం కిందికి లాగి, ఫోన్ కెమెరాలో చూసుకోండి. వెంట్రుకల వరస వెనక, కంటికి ఆనుకునే అంచు మీద, సూదితో పొడిచినంత సన్నటి చుక్కలు వరసగా ఉంటాయి. ఒక్కో చుక్క ఒక్కో గ్రంథి నోరు. గ్రంథులు రెప్ప మందంలో నిలువుగా ఒదిగి ఉంటాయి: పైరెప్పలో 25 నుంచి 40, కిందిరెప్పలో 20 నుంచి 30. హైన్రిష్ మైబోం అనే జర్మన్ వైద్యుడు 1666లో వీటిని వర్ణిస్తూ ఒక లేఖ అచ్చువేయించాడు. అంతకుముందు వీటిని చూసినవాళ్లు లేకపోలేదు, పేరు మాత్రం ఆయనకు దక్కింది: మైబోమియన్ గ్రంథులు. వీటిలో ఒకటి పూడుకుపోయి వాస్తేనే రెప్పలో గట్టిగా గడ్డకట్టి, నొప్పి తగ్గాక కూడా వారాల తరబడి పోనని మొండికేసే బుడిపె.

చర్మంలో వెంట్రుకల మొదళ్ల దగ్గర నూనె ఊరే గ్రంథులకు ఇవి దాయాదులు, కాకపోతే వీటికి వెంట్రుక లేదు. గ్రంథి గోడ దగ్గర పుట్టిన కణం లోపలికి జరుగుతూ, కొవ్వుతో ఉబ్బుతూ, చివరికి తానే పగిలి నూనెలో కలిసిపోతుంది. రెప్ప కొట్టిన ప్రతిసారీ కంటి మీద పరుచుకునేది అలా పగిలిన కణాల సరుకు. కంటి మీద నీటి పొర మందం 3 మైక్రాన్ల పైచిలుకు. దాని మీద తేలే నూనె పొర నానోమీటర్ల లెక్క, సగటున 40 చిల్లర. 1961లో మిషిమా, మారిస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కుందేలు కంటి మీద ఈ పొర లేకుండా చేసి చూస్తే, నీరు ఆవిరయ్యే వేగం ఎన్నో రెట్లు పెరిగింది. మనుషుల కంట్లో ఆవిరిని ఆపేది అచ్చంగా ఈ నూనేనా, ఎంతవరకు ఆపుతుంది అన్న వాదం ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఏముందో సరిగ్గా తెలియకుండా ఏం చేస్తుందో తేలేదెట్లా?

తొమ్మిదిన్నరకు కింది అంతస్తు క్లినిక్‌లో లైట్లు తగ్గించారు. స్లిట్ ల్యాంప్ ముందు ఎత్తు కుర్చీలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. నల్గొండలో లెక్కల సారుగా రిటైరయ్యాడు, ఇర్వింగ్‌లో కొడుకు దగ్గరికి ఆర్నెల్లకని వచ్చాడు. కళ్లు మండుతున్నాయని చూపించుకోవడానికి వచ్చి, గోడ మీద వలంటీర్లు కావాలన్న కాగితం చదివి, మంచిదే కదా అని సంతకం పెట్టాడు. డాక్టరు అమెరికన్. ఆయన మాటల్ని రాజమండ్రి ఆమె తెలుగులోకి మారుస్తోంది.

"బాబాయ్‌గారూ, పొద్దున్నే తలకి నూనె గానీ రాసుకున్నారా?"

"లేదు బిడ్డా. నువ్వు ఫోన్‌ల చెప్పినవని మా కోడలు సీసానే దాచిపెట్టింది."

"మొహానికి క్రీము? కంట్లో చుక్కలు?"

"చుక్కలు నిన్నటి సంది బంద్ పెట్టిన. క్రీములు నాకెందుకు!"

ఇవి మర్యాదకు అడిగే ప్రశ్నలు కావు. కొబ్బరినూనెలో పన్నెండు కార్బన్ల లారిక్ ఆమ్లం దండిగా ఉంటుంది. నుదుటి మీంచి జారిన చెమటతో అది రెప్ప అంచు దాకా వచ్చిందంటే సాయంత్రం మెషీన్ ముందు తలపట్టుకోవాలి. ఆడవాళ్లు వచ్చినప్పుడు కాటుక, మస్కారా సంగతి అడుగుతారు. ఇంట్లో పట్టిన కాటుకలో ఆముదమో నెయ్యో ఉంటుంది. మస్కారాలో తరచుగా తేనెమైనం ఉంటుంది, అది మరీ తలనొప్పి. ఎందుకంటే రెప్ప గ్రంథుల నూనెలో ప్రధాన సరుకు కూడా మైనాలే. రసాయనంగా ఒకటే జాతి. తేడా పట్టుకునే దారి ఒకటుంది: తేనెమైనంలోని ముఖ్యమైన ఎస్టర్లలో రెండు గొలుసులూ నిండుగా హైడ్రోజన్‌తో ఉంటాయి, రెప్ప మైనాల్లో ఒక గొలుసు చాలావరకు ఒలీయిక్ ఆమ్లం, అంటే మధ్యలో ఒక జంట బంధం ఉన్నది.

"నొస్తదా?"

"అబ్బే, నొక్కినట్టు ఉంటుందండీ, అంతే. గుచ్చడాలేం లేవు. గడ్డం ఇక్కడ ఆనించి పైకి చూడండి."

కొందరు మత్తుచుక్క వేసి మరీ గట్టిగా పిండుతారు. ఈ క్లినిక్‌లో అది వేయరు, చుక్కలోని మందు కూడా సీసాలోకి వస్తుందని. పక్కన తెర మీద ఆయన కిందిరెప్ప అరచేయంత అయి కనబడుతోంది. అంచు కాస్త మందంగా, ఎర్రటి సన్న నరాలతో ఉంది. డాక్టరు ముందు తడి దూదితో అంచు తుడిచాడు. ఆ దూదిని నిన్నే ద్రావణంలో నానబెట్టి ఆరబెట్టారు, పత్తికి తన మైనం తనకు ఉంటుంది కాబట్టి. తర్వాత సన్నటి పలకలాంటి పనిముట్టు వెంట్రుకల కింద ఆనించి నెమ్మదిగా నొక్కాడు.

రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత మధ్యనున్న ఒక నోటి నుంచి చుక్క ఉబికింది, గుండ్రంగా, కాస్త మసకగా. పక్కదాంట్లోంచి వచ్చింది ఇంకా మబ్బుగా ఉంది, లోపల తెల్లటి నలుసులు కనిపిస్తున్నాయి. మూడోది అసలు చుక్క కట్టలేదు, సన్నటి తెల్లదారంలా బయటికొచ్చి వంగిపోయింది. డాక్టరు నర్సుకు అంకెలు చెబుతున్నాడు: ఒకటి, రెండు, మూడు. తేటగా వస్తే సున్నా, మసకైతే 1, నలుసులుంటే 2, టూత్‌పేస్టంత చిక్కగా వస్తే 3. కిందిరెప్ప నడిమి ఎనిమిది గ్రంథులకు ఇలా వేసి కూడితే 24కు ఎంత వచ్చిందో అది ఆయన మార్కు. ఎక్కువ వచ్చినకొద్దీ అధ్వానం. లెక్కల సారుకు ఈ సంగతి చెబితే, "ఉల్టా పరీచ్చ అన్నట్టు" అని నవ్వబోయి, కదలొద్దంటే ఆగాడు.

చలికాలం పొద్దున గిన్నెలో నెయ్యి పేరుకున్నట్టే ఈ నూనె కూడా పేరుకుంటుంది. ఇన్ని రకాల కొవ్వుల కలగలుపు కాబట్టి ఒక్క డిగ్రీ దగ్గర టక్కున కరగదు, కొన్ని డిగ్రీల మేర మెత్తబడుతూ పోతుంది. ఆరోగ్యంగా ఉన్న కళ్లలో రెప్ప వేడికి అది పారేంత మెత్తగా ఉంటుంది. గ్రంథులు దెబ్బతిన్నవాళ్లలో కరిగే వేడి కొన్ని డిగ్రీలు పైకి జరుగుతుందని లూయీవిల్‌లో డగ్లస్ బార్క్‌మన్ బృందం ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో కొలిచి చూపింది. రెప్పలకు వేడి కాపడం పెట్టమని డాక్టర్లు చెప్పడం వెనక ఉన్న లెక్క ఇదే. మైబోమియన్ గ్రంథుల లోపం అన్న పేరుతో దీన్ని ఒక జబ్బుగా 1980లో డొనాల్డ్ కోర్బ్, హెన్రికెజ్ రాశారు. వాళ్ల దగ్గరికి వచ్చినవాళ్లు కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోలేక బాధపడుతున్నవాళ్లు. చూస్తే గ్రంథుల నోళ్లు పూడి ఉన్నాయి.

ఇప్పుడు ఆమె వంతు. చేతిలో ప్లాటినం గరిటె, కొన సూదిమొన కన్నా కొంచెం వెడల్పు. డాక్టరు నొక్కిపట్టిన చోట నుంచి చర్మానికి తగలకుండా చుక్కను ఎత్తింది. గరిటె కొనను సీసాలోని ద్రావణంలో ముంచగానే ఆ తెల్లటి నలుసు ఒక్క క్షణం పోగులా వేలాడి, అంచులు పలచబడి, కనబడకుండా పోయింది. మళ్లీ ఎత్తింది. మళ్లీ ముంచింది.

"నీళ్లు వస్తున్నయ్ బిడ్డా."

"రానివ్వండి, ఆగుదాం. తొందరేం లేదు."

కన్నీరు వేరు, రెప్ప నూనె వేరు. కన్నీటిలో ప్రొటీన్లున్నాయి, దాని సొంత కొవ్వులున్నాయి. రెండూ కలిస్తే ఎవరిది ఏదో చెప్పడం కష్టం. తడి ఆరేదాకా ఆగారు. ఈ మధ్యలో సారు తన సందేహం బయటపెట్టాడు.

"మావోడు చేపనూనె గోలీలు తెచ్చిండు. అవి మింగితే ఈ నూనె మంచిగైతదా?"

ఆమె డాక్టరు వైపు చూసి, ఆయన చెప్పింది సగం, తనకు తెలిసింది సగం కలిపి జవాబిచ్చింది. అమెరికాలో డ్రీమ్ అనే పెద్ద పరీక్ష జరిగింది, ఫలితాలు 2018లో వచ్చాయి. కొందరికి రోజుకు 3 గ్రాముల చొప్పున ఒమేగా-3, మిగిలినవాళ్లకు ఆలివ్ నూనె, ఏడాదిపాటు. రెండు గుంపులవాళ్లకూ కొంత తేలికపడింది. రెంటి మధ్య చెప్పుకోదగ్గ తేడా మాత్రం రాలేదు. నాకైతే ఇందులో ఆశ్చర్యమేమీ కనబడదు. తిన్న నూనె తిన్నట్టుగా రెప్పలోంచి బయటికి రాదు. మన తిండిలోని కొవ్వు గొలుసులు ఎక్కువగా 16, 18 కార్బన్ల పొడవు. ఈ గ్రంథులు వాటిని పొడిగించి పొడిగించి 24, 26, 30 దాకా, ఇంకా పైకి తీసుకుపోతాయి. ఒంట్లో ఇంత పొడవైన గొలుసులు ఇంత మోతాదులో తయారుచేసే చోట్లు అరుదు.

పని ముగిసింది. ఆయన పేరు, ఫోన్ నంబరు ఉన్న కాగితం క్లినిక్ బీరువాలోకి వెళ్లింది. పైకి వెళ్లే సీసా మీద ఒక నంబరు, వయసు, 24కు వచ్చిన మార్కు, అంతే.

పైన, సీసాలోని ద్రావణాన్ని నైట్రోజన్ సన్నధార కింద ఆరబెడుతున్నారు. మామూలు గాలితో ఆరబెడితే ఆక్సిజన్ వెళ్లి జంట బంధాల మీద పడుతుంది. నైట్రోజన్ ఊదినచోట ద్రావణం గుంటపడి, అంచులకు వలయాలుగా పాకి, తగ్గిపోతూ వచ్చింది. చివరికి సీసా అడుగున లైటుకు వంచి చూస్తేగానీ తెలియని పలచటి జిడ్డు మరక మిగిలింది. అదే మొత్తం పంట.

తూకం గది వేరు. రాతిబల్ల మీద మైక్రోబ్యాలెన్స్. సీసాను పట్టకారుతోనే పెడుతుంది, వేలిముద్రలోని జిడ్డు కూడా తూకానికి ఎక్కుతుందని. తలుపు మూసి, ఊపిరి బిగబట్టినట్టు కూర్చుంది. అంకెలు పైకీ కిందికీ ఊగి ఊగి ఒకచోట నిలబడ్డాయి. పొద్దున ఖాళీ సీసా తూకం తీసేస్తే 0.41 మిల్లీగ్రాములు. "పరవాలేదు, బాగానే ఇచ్చారు బాబాయ్‌గారు" అని నోట్‌బుక్కులో రాసుకుంది.

ఇంత చిన్న మరకలో ఏమున్నాయో చెప్పే జాబితా గడిచిన అరవై ఏళ్లలో చాలాసార్లు మారింది. మారింది మనుషుల కళ్లు కావు, చూసే పద్ధతి. నార్మన్ నికొలైడిస్ లాంటివాళ్లు ఎద్దు రెప్పలనూ మనిషి రెప్పలనూ పక్కపక్కన పెట్టి చూసిన కాలంలో, నూనెను క్షారంతో విడగొట్టి, వచ్చిన ఆమ్లాల్ని, ఆల్కహాళ్లని గ్యాస్ క్రొమటోగ్రఫీలో విడివిడిగా లెక్కపెట్టేవారు. ఏయే గొలుసులున్నాయో, ఏది తిన్నగా ఉందో, ఏది కొన దగ్గర చీలిందో ఎంతో ఓర్పుగా పట్టుకున్నారు. కానీ ఏ ఆమ్లం ఏ ఆల్కహాల్‌తో ముడిపడి ఉందో ఆ పద్ధతిలో తెలియదు. ముడి విప్పాకే కదా లెక్క మొదలయ్యేది.

ఇక్కడి డాలస్‌లోనే జేమ్స్ మెకలీ, షైన్ 1997లో నూనె పొరకు ఒక నమూనా గీశారు. నీటికి ఆనుకుని నీటినీ నూనెనూ రెంటినీ ఓర్చుకునే పలచటి పొర ఒకటి, దాని మీద నీరంటే గిట్టని మైనాలు, కొలెస్టరాల్ ఎస్టర్ల మందపాటి పొర ఒకటి. నమూనా చక్కగా ఉంది. నూనె నీటి మీద ముద్దకట్టకుండా పరుచుకోవాలంటే మధ్యవర్తి ఎవరో ఒకరు ఉండి తీరాలి. ఆ స్థానంలో ఫాస్ఫోలిపిడ్లను కూర్చోబెట్టారు, వాళ్ల విశ్లేషణల్లో అవి తగినంతగా కనిపించాయి కాబట్టి. తర్వాత పదేళ్లకు మాస్ స్పెక్ట్రోమీటర్లు వచ్చి అణువును విడగొట్టకుండా చూడటం మొదలుపెడితే, అదే ఊళ్లో ఇగోర్ బుటోవిచ్ లాంటివాళ్లకు రెప్ప నూనెలో ఫాస్ఫోలిపిడ్లు పిసరంత కూడా సరిగ్గా దొరకలేదు. కుర్చీ ఉంది, కూర్చున్నవాడు లేడు.

సాయంత్రం ఆరు. మెషీన్ గదిలో పంపుల రొద. లోపల మాట్లాడాలంటే గొంతు పెంచాలి. పొద్దున 'ఖాళీ' అని రాసిన సీసాను ఆమె ట్రేలో మొదటి గుంటలో పెట్టింది. దాని పక్కన ఇంకో సీసా. అదీ ఖాళీయే, అదే ద్రావణం. కొత్త విద్యార్థులకు చూపించడానికని ఒక ప్లాస్టిక్ పిపెట్ కొనను అందులో కాసేపు ముంచి తీసింది. మూడోది సారుగారిది, సగం మాత్రమే. మిగిలిన సగం మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉంది.

ద్రావణం సన్నటి గొట్టంలోకి వెళ్లి, ఏది ఎంత జిడ్డో ఆ వరసలో ఒకదాని తర్వాత ఒకటి బయటికి వస్తుంది. బయటికొచ్చిన వాటికి మెషీన్ విద్యుదావేశం తగిలించి, శూన్యంలోకి లాగి, బరువు చూస్తుంది. మొదటి సీసాకు తెర మీద దాదాపు చదునైన గీత. రెండోదానికి మాత్రం ఒక నిటారు పీక్ లేచింది. ఆమె దాని మీద క్లిక్ చేసింది: 282.28.

"ఒలియమైడ్" అంది. "ప్లాస్టిక్ అచ్చులోంచి జారి రావాలని ఫ్యాక్టరీలో కలుపుతారు. క్లోరోఫాం తగిలితే చాలు, దిగొచ్చేస్తుంది."

ఇందుకే పొద్దున బల్ల మీద ప్లాస్టిక్ లేదు. 2007లో కెలీ నికోల్స్ బృందం మనుషుల రెప్ప నూనెలో ఒలియమైడ్ ఉందని ప్రచురించింది. అది తోసిపుచ్చగలిగిన వార్త కాదు. ఒలియమైడ్ ఒంట్లో నిజంగా ఉండే పదార్థమే. నిద్ర లేకుండా ఉంచిన పిల్లుల వెన్నుద్రవంలో అది పేరుకుంటుందని 1995లోనే తేలింది. మరి కంటిరెప్పలో ఎందుకు ఉండకూడదు? మరుసటి ఏడాది, 2008లో, ప్రయోగశాలల్లో వాడిపారేసే ప్లాస్టిక్ సామాను నుంచి ఒలియమైడ్ ఊరుతుందని, అది ప్రయోగాల్ని తప్పుదారి పట్టించగలదని 'సైన్స్' పత్రికలో కెనడావాళ్లు రాశారు. ఆ తర్వాత గాజుతోనే పని నడిపిన బృందాలకు రెప్ప నూనెలో అది చెప్పుకోదగ్గంతగా కనబడలేదు. ఇందులో ఎవరి నిజాయితీనీ శంకించాల్సిన పనిలేదు. మెషీన్ చూపింది నిజం. అది ఎక్కడి నుంచి వచ్చింది అన్నది మెషీన్ చెప్పదు. నన్నడిగితే ఈ శాస్త్రంలో సగం పని, సీసాలో ఉన్నదాంట్లో గ్రంథిది ఏది, గ్రంథిది కానిది ఏది అన్న తగువు తీర్చడమే.

ఆమె ఆ పీక్‌ను ఇంకా పెద్దది చేసింది. "ఇటు చూడండి, ఇది అసలు చిక్కు." ఒలియమైడ్ అణువుల్లో కొన్నిట్లో ఒక కార్బన్ కాస్త బరువైన రకం ఉంటుంది, వాటి బరువు 283.28 దగ్గర పడుతుంది. రెప్ప మైనం విరిగినప్పుడు వచ్చే ఒలీయిక్ ముక్క 283.26. తేడా రెండో దశాంశంలో. పాత మెషీన్లకు రెండూ ఒకటే పీక్. ఇది రెంటినీ విడదీసి చూపుతుంది, అందుకే దాని ఖరీదు అంత.

మూడో సీసా. గీత కాసేపు నిద్రపోయి, తర్వాత ఒక్కసారి పర్వతాల వరసలా లేచింది. ముందుగా ఆమె చూసింది ఉన్నవాటిని కాదు, లేనిదాన్ని: స్క్వాలీన్. ముఖం మీది జిడ్డులో నూటికి 12 వంతుల దాకా ఉండే ఈ పదార్థం రెప్ప నూనెలో దాదాపు ఉండదు. స్క్వాలీన్ పెద్దగా కనబడిందంటే గరిటె చర్మానికి రాసుకుందని అర్థం. ఇక్కడ ఉండీ లేనట్టుంది. "చెయ్యి బాగానే నిలిచింది" అని తనను తాను మెచ్చుకుంది.

తర్వాత 664.70. అమోనియం తగిలించుకున్న మైనపు ఎస్టరు, మొత్తం 44 కార్బన్లు, ఒక జంట బంధం. విరగ్గొడితే 283.26 వచ్చింది, అంటే ఆమ్లం భాగం ఒలీయిక్, 18 కార్బన్లు. మిగిలిన 26 ఆల్కహాల్ భాగానివి. ముడి విప్పకుండానే ఎవరితో ఎవరు ముడిపడ్డారో తెలిసింది. కొంచెం అటూ ఇటూగా ఇదే కుటుంబం వరసగా, రెండేసి హైడ్రోజన్లతో ఒక్కో కార్బన్ చొప్పున పెరుగుతూ. ఇంకా ఆలస్యంగా, అన్నిటికన్నా జిడ్డుగా వచ్చేవి కొలెస్టరిల్ ఎస్టర్లు. వాటిని గుర్తుపట్టడం తేలిక: ఏది విరిగినా 369.35 దగ్గర ఒకటే ముక్క రాలుతుంది, కొలెస్టరాల్ తాలూకు. ఈ రెండు కుటుంబాలే ఈ నూనెలో సింహభాగం. ఏది ఎక్కువ, ఏది తక్కువ అంటే ఒక్కో ప్రయోగశాల ఒక్కో అంకె చెబుతుంది. పీక్ ఎత్తును బట్టి పరిమాణం చెప్పలేం మరి. కొన్ని అణువులు ఆవేశాన్ని ఇట్టే పట్టుకుంటాయి, కొన్ని మొరాయిస్తాయి. అందుకే తూకం తెలిసిన, డ్యుటీరియంతో బరువు పెంచిన అణువుల్ని ముందే కొలిచి కలుపుతారు. అలాంటివి అన్ని రకాలకూ బజార్లో దొరకవు.

ఆమె మెషీన్‌ను రుణావేశం వైపు తిప్పింది. మైనాలు, కొలెస్టరిల్ ఎస్టర్లు ఇటువైపు కనబడవు, తెర శుభ్రపడుతుంది. ఖాళీ అయిన ఆ తెర మీద 757.71 లేచింది. విరగ్గొడితే 281.25, మళ్లీ ఒలీయిక్, ఈసారి రుణావేశంతో. ఒకవైపు 32 కార్బన్ల పొడవైన కొవ్వు ఆమ్లం, దాని తోక చివరన ఒక ఆక్సిజన్, ఆ ఆక్సిజన్‌కు ఒలీయిక్ ఆమ్లం తగిలించి ఉంటుంది. తల వైపు ఆమ్లం కొస నీటిని ఇష్టపడుతుంది, మిగతా ఒళ్లంతా నూనెను. ఫాస్ఫోలిపిడ్లు ఖాళీచేసిన కుర్చీకి సరిపోయే అభ్యర్థి. రెప్ప నూనెలో వీటిని 2009లో బుటోవిచ్ బృందం గుర్తించింది. ల్యాబుల్లో ఓఏహెచ్‌ఎఫ్‌ఏలు అంటారు. మొత్తంలో నూటికి నాలుగైదు వంతులే. కానీ నీటి మీద నూనె పరుచుకోవడం అనే పని వీటి మీదే ఆధారపడి ఉందని ఇప్పుడు చాలామంది లెక్క.

మధ్యలో ఒక మాట. 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మైబో అనే కంటిచుక్కలకు అనుమతి ఇచ్చింది. పేరులో గ్రంథి గుర్తుకొస్తుంది గానీ అందులో మైనం లేదు, కొలెస్టరాల్ లేదు, ఒలీయిక్ ఆమ్లం అంతకన్నా లేదు. పెర్‌ఫ్లోరోహెక్సిల్‌ఆక్టేన్ అనే ఒకే ఒక్క కృత్రిమ ద్రవం. అది కంటి మీద పరుచుకుని ఆవిరిని ఆపుతుంది. వందల అణువుల ఈ జాబితా పూర్తయ్యేదాకా రోగులు కూర్చోలేరు కదా, న్యాయమే.

పంపుల రొదలో ఆమె మళ్లీ 664.70 దగ్గరికి వచ్చింది. పీక్‌ను వెడల్పుగా సాగదీసింది. ఎడమ భుజం దగ్గర చిన్న ఉబ్బు. ఒకే బరువు, ఒకే ముక్కలు, కానీ గొట్టంలోంచి రెండు మూడు సెకన్లు ముందుగా బయటికొచ్చినది ఇంకొకటేదో ఉంది. 26 కార్బన్ల ఆల్కహాల్ తిన్నగా ఉన్నది ఒకటి, కొన దగ్గర కొమ్మ చీలినది ఇంకొకటి అయుండొచ్చు. బరువు చూసే మెషీన్‌కు ఆ రెంటికీ తేడా లేదు. రెప్పకు ఉంది. చీలిన గొలుసులు ఒకదానికొకటి దగ్గరగా సర్దుకోలేవు, అందుకని తక్కువ వేడికే మెత్తబడతాయి. సారుగారి చుక్క తెల్లదారంలా ఎందుకు వచ్చిందో తెలియాలంటే, తిన్నటివి ఎన్ని, చీలినవి ఎన్ని అన్న లెక్కే ముందు కావాలి.

దానికి మళ్లీ పాత దారే పట్టాలి. ఎస్టర్లను విడగొట్టి, ఆల్కహాళ్లను గ్యాస్ క్రొమటోగ్రఫీలోకి పంపితే, చీలినవి ముందు, తిన్నటివి వెనక విడివిడిగా వస్తాయి. నికొలైడిస్ కాలపు పనే. ఎవరితో ఎవరు ముడిపడ్డారో ఇప్పుడు తెలుసు కాబట్టి, ముడి విప్పినా ఈసారి నష్టం లేదు. ఫ్రీజర్‌లో ఉన్న సగంలో 200 మైక్రోగ్రాములు కూడా నికరంగా ఉంటాయో లేదో అని ఆమె నోట్‌బుక్కు తిప్పి చూసుకుంది. ఒక్క ప్రయత్నానికి చాలు, రెండోదానికి చాలదు. రేపటి పని కింద రాసుకుంది: సీసాలు, ఆరు. పక్కనే బ్రాకెట్లో, ఖాళీవి రెండు.